అద్దంలో కనబడని మంజిష్ఠ

స్ఫటికావతి కోట గుమ్మం కంటబడగానే మంజిష్ఠ ఠక్కున ఆగిపోయింది.

గుమ్మం ఎదురుగా ఒక నిలువుటద్దం! ఏనుగు మీద ఏనుగు ఎక్కినా పైన ఇంకా జాగా మిగిలేంత ఎత్తు. దాని చుట్టూ వెండి తీగెలు, తీగెలకు కెంపుల పువ్వులు, పువ్వుల మీద పచ్చల తుమ్మెదలు. ఎండ ఆ అద్దానికి తగిలి చీలి, ఉప్పుబాట వెంట వస్తున్న ఒంటెలకీ బండ్లకీ మనుషులకీ ఏడు రంగులూ పులుముతోంది. అంత అందం చూసి ఎవరైనా చేతులు జోడిస్తారు. మంజిష్ఠ మాత్రం పక్కనున్న ముసలమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగింది.

"అన్నా, పద వెనక్కి! ఇది మనం దాటలేం."

"అన్న ఎవడే?" ముసలమ్మ గుడ్లురిమింది. "అవ్వా అను. పొద్దు గూకేదాకా నేను సోదమ్మని."

నిజానికి ఆ ముసలమ్మ ముసలిదీ కాదు, అమ్మా కాదు. పేరు కోదండి. పగటివేషాలు కట్టి ఊరూరా తిరిగే కుర్రవాడు. ఉప్పుబాట మీద దొంగల చేతుల్లోంచి మంజిష్ఠను తప్పించినప్పటి నుంచి ఆమెకు తోడుగా వస్తున్నాడు. మొన్న పులి, నిన్న పెళ్ళికొడుకు, ఇవాళ సోదమ్మ. కట్టిన వేషం పొద్దుండగా విప్పకూడదని అతని గురువు పెట్టిన కట్టుబాటు. ప్రాణం మీదికొచ్చినా సరే!

"ఇప్పుడైనా ఆ వేషం తీసెయ్యకూడదూ? మగాడివై నాలుగు దెబ్బలు వేస్తే..." అంది మంజిష్ఠ.

"మా మేనమామ అలాగే ఎలుగుబంటి వేషం మిట్టమధ్యాహ్నం విప్పబోయాడు. ఉక్కపోసిందిట. ఇప్పటికీ అడవిలోనే ఉన్నాడు, తేనె తింటూ. మా అత్త ఏడాదికోసారి వెళ్ళి చూసొస్తుంది. నాకు ఈ వయసులో అవ్వగా మిగిలిపోవాలని లేదు. ఇంతకీ అద్దం చూసి నీకెందుకంత వణుకు?"

ఎందుకా? ఎందుకంటే, మంజిష్ఠ ఏ అద్దంలోనూ కనబడదు!

అద్దంలోనే కాదు, చెరువు నీళ్ళలో, ఇత్తడి చెంబు మీద, ఎదుటివాళ్ళ కనుపాపల్లో కూడా ఆమె రూపం పడదు. ఒంటి మీది బట్ట కూడా పడదు. చేత్తో పట్టుకున్న వస్తువు మాత్రం గాలిలో తేలుతున్నట్టు కనబడుతుంది. కుంకుమవాడలో తోలుబొమ్మలు చేసే ఓబులయ్య తాతకు రంగువేర్ల గంపలో దొరికిన పసిగుడ్డు ఆమె. ఎర్రరంగు తీసే మంజిష్ఠ వేర్ల మధ్య దొరికింది కాబట్టి తాత ఆ పేరే పెట్టాడు. ఉలి పట్టడం నేర్పాడు, కుంచె పట్టడం నేర్పాడు. ఇప్పుడు ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, ఉన్నదున్నట్టు తోలు మీదికి దింపేస్తుంది. ఒక్క తన ముఖం తప్ప! "నేనెలా ఉంటాను తాతా?" అని అడిగితే, "నా మనవరాలిలా ఉంటావు" అనేవాడు. ఆ జవాబుతోనే ఇన్నేళ్ళూ సరిపెట్టుకుంది.

కానీ ఈమధ్య ఆమె నీడ కూడా తరగడం మొదలైంది. మొదట నీడకు తల పోయింది. తర్వాత భుజాలు పోయాయి. అది చూసి మంచం పట్టిన తాత ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"నీ ప్రతిబింబాన్ని పసితనంలోనే ఎవడో కాజేశాడే తల్లీ. ఇప్పుడు నీడనీ లాక్కుంటున్నాడు. నీడ పూర్తిగా పోయిందా, నువ్వూ పోతావు. అద్దాల విద్య ఉన్నది స్ఫటికావతిలోనే. పో, నిన్ను నువ్వు వెతుక్కో!"

అని రెండు నిలువెత్తు బొమ్మలు చుట్టచుట్టి చేతికిచ్చాడు. ఒకటి ఆటలో తిప్పే చెలికత్తె బొమ్మ. రెండోదానికి ఒళ్ళంతా ఉంది, ముఖం మాత్రం ఖాళీ. "దీనికి ముఖం నువ్వే రాసుకోవాలి. కన్ను పెట్టేదాకా బొమ్మ ఒట్టి తోలు. కన్ను పెట్టి వెలుగు చూపించామా, ఆ ముఖం ఎవరిదో వాళ్ళ జీవం వచ్చి అందులో కూర్చుంటుంది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే ఆ జీవం వాళ్ళది. మరిచిపోకు!"

మంజిష్ఠ కాళ్ళ దగ్గర చూసుకుంది. పొద్దున నడుము దాకా ఉన్న నీడ ఇప్పుడు తొడల దాకానే ఉంది!

అద్దం ముందు కావలివాడు బాటకు వీపు పెట్టి కూర్చున్నాడు. మాంత్రికుల కళ్ళలోకి చూస్తే మాయలో పడతామని అక్కడి కావలివాళ్ళు మనుషుల్ని చూడరు, అద్దంలో మనుషుల బొమ్మల్నే చూసి లోపలికి వదులుతారు. వీళ్ళ ముందు ఒక సన్యాసి వెళ్ళాడు. కాషాయం, కమండలం, నుదుటి నిండా విభూతి. అద్దంలో చూస్తే తోడేలు! కావలివాడు గంట కొట్టాడో లేదో, నేల నోరు తెరిచి సన్యాసిని మింగేసింది. కమండలం మాత్రం దొర్లుకుంటూ వచ్చి మంజిష్ఠ కాలికి తగిలి ఆగింది. వెనకున్న జనం కెవ్వుమని చెల్లాచెదురైపోయారు.

"తరవాత ఎవరూ? రండి!" అన్నాడు కావలివాడు తాపీగా.

పారిపోతే అనుమానం. నిలబడితే ప్రమాదం. మంజిష్ఠ చటుక్కున చెలికత్తె బొమ్మ చుట్ట విప్పి, వెదురు బద్ద పట్టుకుని తన ముందు నిలబెట్టింది. బొమ్మ వెనక తాను వంగి నక్కింది. కోదండి నోరు తెరిచి, వెంటనే మూసి, కర్ర తాటించుకుంటూ ముందుకు నడిచాడు.

"సోదమ్మను నాయనా. ఇది నా మనవరాలు. సోది చెప్పుకుని బతికేవాళ్ళం."

కావలివాడు అద్దంలోకి చూశాడు. ఆ అద్దం పట్టేది మంత్రాల మాయనే, కట్టుకున్న కోకనీ పెట్టుడు జుట్టునూ కాదు. ముసలమ్మ పక్కన ఎర్రచీర, పచ్చరవిక, వంకీల జడతో ఒక పడుచు.

"మనవరాలు మొహం పక్కకి పెట్టుకుందేం? ఇటు తిరగమను."

తోలుబొమ్మకు ఎప్పుడూ పక్కముఖమే! ఒకే చెంప, ఒకే కన్ను. తాత అలాగే రాసేవాడు, తాతకు తాత కూడా అలాగే రాసేవాడు. చేసేదేమీ లేక మంజిష్ఠ బొమ్మను గిరుక్కున తిప్పింది. కుడివైపు చూస్తున్న చెలికత్తె ఎడమవైపు చూసింది.

"అటు కాదు! నా వైపు, సూటిగా!"

మళ్ళీ తిప్పింది. చెలికత్తె మళ్ళీ కుడివైపు చూసింది.

"మెడ పట్టేసింది నాయనా," అన్నాడు కోదండి వణుకుడు గొంతుతో. "పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు తిరిగిపోయిన దారివైపే చూసి చూసి పట్టేసింది."

"మరీ ఇంత పల్చగా ఉందేం? తిరిగేటప్పుడు గీతలా అయిపోతోంది!"

"తిండేది నాయనా? మీ ఊళ్ళో నాలుగిళ్ళు అడిగితే ఒళ్ళు చేస్తుంది."

కావలివాడు లేచి అద్దం దగ్గరికి వెళ్ళి కళ్ళు చిట్లించాడు. నగల కోసం, పూల కోసం తాత ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"ఒంటి నిండా ఆ చిల్లులేమిటే ముసలమ్మా?"

ఈసారి మంజిష్ఠే బొమ్మ వెనక నుంచి నీరసంగా అంది. "అమ్మవారు పోసింది బాబయ్యా. ఇంకా పూర్తిగా తగ్గలా."

"ఓరి నాయనో! ముందే చెప్పొద్దూ? పొండి, పొండి! దూరంగా పొండి!"

ఇద్దరూ గుమ్మం దాటి మలుపు తిరిగేదాకా ఊపిరి పీల్చలేదు. మలుపు తిరిగాక కోదండి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాడు. "ఎంత నోరే నీది! నా దగ్గర శిష్యరికం చెయ్యి, రాజ్యాలు దోచుకోవచ్చు."

నవ్వుదామని తలెత్తిన మంజిష్ఠ అలాగే కొయ్యబారిపోయింది.

వీధికి రెండు పక్కలా గోడలన్నీ అద్దాలే. వాటిలో వందమంది సోదమ్మలు వంద బుట్టలు సర్దుకుంటూ నడుస్తున్నారు. వాళ్ళ పక్కన ఎవ్వరూ లేరు. ఏ అద్దంలోనూ లేరు. అది ఆమెకు కొత్త కాదు గానీ, తన లేకపోవడాన్ని ఇన్నిసార్లు ఒకేచోట చూడటం ఇదే మొదలు.

అంతలో గాజులమ్మే ఆవిడ ఒకతె ఎదురొచ్చింది. మంజిష్ఠను చూసింది. నెత్తి మీది గంప భళ్ళున జారింది. రంగురంగుల గాజులు వీధంతా దొర్లాయి. ఆవిడ వాటినైనా చూడకుండా నేల మీద సాగిలపడింది.

"మహారాణీ!"

మంజిష్ఠ వెనక్కి తిరిగి చూసింది, ఎవరొస్తున్నారా అని. ఎవరూ లేరు. పూలవాడు సాగిలపడ్డాడు. పల్లకీ బోయీలు పల్లకీ వదిలేసి సాగిలపడ్డారు. లోపలున్న పెద్దమనిషి తిట్టబోయి, తల బయటపెట్టి, ఆయనా సాగిలపడ్డాడు. వీధంతా ఒక్క క్షణంలో గాలికి వాలిన వరిచేనులా వంగిపోయింది.

"ఏంటి అవ్వా ఇది? వీళ్ళకి పిచ్చెక్కిందా?"

కోదండి చూపు ఎదుటి మేడ గోడ మీద ఉంది. అక్కడ రెండంతస్తుల ఎత్తున ఒక రాణి బొమ్మ. మంజిష్ఠ దాన్ని చిత్రకారిణి కళ్ళతో ఎగాదిగా చూసింది.

"ఎవరో గానీ బాగుంది. ముక్కు కాస్త పొడుగు. చుబుకం కింద నీడ తప్పేశాడు, చెయ్యి వణికినట్టుంది. రాసినవాడు భయపడుతూ రాశాడు."

"మనవరాలా," కోదండి గొంతులోంచి సోదమ్మ పోయి కోదండే వచ్చాడు. "అది నువ్వే!"

"ఆఁ?"

"నువ్వేనే తల్లీ! ఆ కనుబొమలు, ఆ ముక్కు, అన్నీ నీవే!"

మంజిష్ఠ చెయ్యి దానంతటదే పైకి లేచి ముక్కును తడిమింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. "నా ముక్కు ఇంత పొడుగా? నాకెవరూ చెప్పలేదే!" అప్పుడు వేలు కుడి చెంప మీది మచ్చకు తగిలింది. ఆ మచ్చ ఆమెకు తెలుసు, చిన్నప్పటి నుంచి తడుముకుంటున్నదే. గోడ మీది బొమ్మకు మచ్చ ఎడమ చెంప మీద ఉంది.

ఆ తేడా ఏమిటో ఆమె తేల్చుకునేలోపే ఇంకొకడు గమనించాడు. గుర్రం మీద దూసుకొచ్చిన దళపతి దిగి నమస్కరించబోయి, సగంలో ఆగి, కత్తి దూశాడు.

"మహారాణిగారి మచ్చ ఎడమవైపు! ఇది రాణి కాదు, రాణి రూపంలో వచ్చిన మాయలాడి! పట్టుకోండి దీన్నీ, ఈ ముసలిదాన్నీ!"

కళ్ళు మూసి తెరిచేలోగా బల్లేలు చుట్టుముట్టాయి. "అన్నా, ఇప్పుడైనా..." అంది మంజిష్ఠ. కోదండి పడమటివైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "పొద్దింకా నిక్షేపంలా ఉందే!"

* * *

రాణి కొలువుకూటం చూస్తే దేవతలు కూడా తమ ఇళ్ళు వదిలి వచ్చేస్తారు. స్తంభాలన్నీ గాజువి. ఒక్కో స్తంభంలో నీళ్ళు, నీళ్ళలో బంగారు చేపలు. పైకప్పు నుంచి వేలాడే ముత్యాల కుచ్చులు గాలికి కదిలి చిరుజల్లు చప్పుడు చేస్తున్నాయి. పడమటి గోడంతా తెరిచిన గవాక్షాలే. నేల మొత్తం అతుకు లేని ఒకే అద్దం. దాని మీద నడుస్తుంటే ఆకాశం మీద నడిచినట్టుంది.

సింహాసనం పక్కన నిలబడ్డవాణ్ణి చూసి కోదండి మంజిష్ఠ వెనక్కి జరిగాడు. మోకాళ్ళ దాకా గడ్డం, నెమలిమెడ రంగు అంగీ. నవ్వాడు. పళ్ళన్నీ గాజువి! ఒక్కో పంటిలో ఒక్కో ముఖం. దళపతి ముఖం, భటుల ముఖాలు, కోదండి పెట్టుడు జుట్టు, అన్నీ ఆ పళ్ళలో మెరిశాయి. మంజిష్ఠ లేదు.

"కాచదంతుణ్ణి. ఈ రాజ్యానికి మంత్రిని," అన్నాడు తియ్యగా. "నువ్వు రాకపోయినా ఈ పొద్దుతో నీ పని అయిపోయేది అమ్మాయీ. ఎందుకింత శ్రమ పడ్డావు?"

"నా ప్రతిబింబం ఎత్తుకుపోయింది నువ్వేనా?"

"ఎత్తుకుపోవడమా! పెంచి పెద్ద చేశాను. చూడు."

తెర తొలగింది. సింహాసనం మీద రాణి బింబావతి లేచి నిలబడింది.

గోడ మీద రంగు వేరు, ఎదురుగా నడిచొచ్చే నెత్తురూ కండా వేరు. తన చెవి తమ్మెలు అలా ఉంటాయా! మెడ అలా వంగుతుందా! తెలియకుండానే మంజిష్ఠ కింది పెదవి కొరుక్కుంది. అదే క్షణాన రాణి కూడా కింది పెదవి కొరుక్కుంది. మంజిష్ఠ బిత్తరపోయి కుడిచెయ్యి ఎత్తింది. రాణి ఎడమచెయ్యి లేచింది. రాణి ఇష్టంతో కాదు. ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని బలవంతంగా దించుకుంది.

"ఆపు! నన్ను ఆడించకు!" అని కేక పెట్టింది.

కొలువంతా నివ్వెరపోయింది. కాచదంతుడు అందరినీ బయటికి పంపేసి, ఇద్దరు భటుల్ని మాత్రం కోదండికి కాపలా ఉంచాడు.

"పళ్ళు రాని పిల్లకు అద్దం చూపకూడదని పెద్దలంటారు. ఎందుకో తెలుసా?" అన్నాడు గడ్డం దువ్వుకుంటూ. "మొదటిసారి అద్దంలో పడ్డ రూపం పచ్చిగా ఉంటుంది. వేళ్ళతో పట్టి లాగితే ఊడొచ్చేస్తుంది. రాజుగారికి సంతానం లేదు. నాకేమో చెప్పినమాట వినే రాణి కావాలి. దారిలో దిక్కులేని పసిగుడ్డు దొరికింది. అద్దం చూపించాను, రూపాన్ని లాగి రాజుగారి వారసురాలిని చేశాను, గుడ్డును ఎవరిదో రంగువేర్ల గంపలో పడేశాను. అయితే రూపం రూపమే. నీడ లేదు. నీడ లేని రాణికి ఆయుష్షూ ఉండదు. అందుకే ఇప్పుడు నీ నీడను తోడి దీనికి పోస్తున్నాను."

మంజిష్ఠ నేల వంక చూసింది. పడమటి ఎండలో తన నీడ మోకాళ్ళ దాకానే ఉంది. రాణికి తల నుంచి మోకాళ్ళ దాకా ఉంది, కాళ్ళు లేవు. రెండూ అతికిస్తే సరిగ్గా ఒక మనిషి నీడ!

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?" అని రాణిని అడిగింది. అడుగుతుంటే తన గొంతే తనకు వినిపించింది.

"ఎందుకా? నాకు రోజూ పంచభక్ష్యాలు వడ్డిస్తారు పిల్లా. బెల్లమూ ఇసుకా నా నాలిక్కి ఒకటే. మల్లెపువ్వుకు వాసనుంటుందట, నాకు తెలీదు. అద్దంలోదానికి రుచేమిటి, వాసనేమిటి? నీ నీడ మొత్తం వస్తే నేను మనిషినవుతాను. ఒక్క ముద్ద అన్నం రుచి తెలిసేలా తింటాను."

"నేను చచ్చిపోతానే!"

"నేనింకా పుట్టనే లేదు."

మంజిష్ఠకు తాత మాట చెవిలో గింగురుమంది. కన్ను పెట్టి వెలుగు చూపిస్తే జీవం బొమ్మలోకి వస్తుంది, బొమ్మ పట్టినవాళ్ళదవుతుంది! ఇన్నాళ్ళూ ముఖం తెలియక రాయలేదు. ఇప్పుడా ముఖం కళ్ళెదుటే నిలబడి ఉంది!

"సరే," అంది కళ్ళు తుడుచుకుని. "లోకంలో అందరి ముఖాలూ రాశాను. పోయేముందు నా ముఖం ఒక్కసారి రాసుకోనీ. ఉలీ కుంచే తప్ప నా దగ్గర ఆయుధాలేం లేవు."

"అవసరం లేదు," అన్నాడు కాచదంతుడు.

"రాసుకోనీ," అంది బింబావతి. ఆమె గొంతులో ఆశ. "నేనూ అద్దంలో కనబడను. ఊరి గోడల మీద బొమ్మలన్నీ నిన్ను చూసి భయపడి రాసినవి, మంత్రీ. ఒక్క నిజం బొమ్మ చూడాలి నేను."

కాచదంతుడు గవాక్షంలోంచి పొద్దు చూసుకుని నవ్వాడు. "కానీ. ఎంతసేపులే!"

మంజిష్ఠ ముఖం లేని బొమ్మను నేల మీద పరిచింది. తన మూటలోంచి తీసి దొన్నెలో ఎర్రరంగు, మూకుట్లో దీపపు మసి పెట్టుకుంది. కుంచె తోలును తాకిందో లేదో ఆమెకు లోకం లేదు. నుదురు దిగింది. ముక్కు దిగింది, కాస్త పొడుగ్గానే. పెదవి, చుబుకం, మెడ వంపు. మూల నుంచి కోదండి బుట్ట మీద తాళం వేస్తూ సోది మొదలుపెట్టాడు.

"సోది చెబుతానమ్మ సోదీ! ఉన్నదున్నట్టు చెబుతా! పొద్దు తాడిచెట్టంత ఉందమ్మా..."

నీడ పిక్కల దాకా దిగింది. చెవి దిగింది. జుట్టు దిగింది.

"పొద్దు రోకలంత ఉందమ్మా! చెయ్యి ఆడించుకో తల్లీ!"

"ఆ ముసలిదాని నోరు మూయించండి!" కాచదంతుడు కసిరాడు. భటుడు కదిలేలోపే కోదండి, "పొద్దు గరిటంత ఉందమ్మా!" అని అరిచేశాడు. నీడ చీలమండల దగ్గరుంది. మంజిష్ఠ వేళ్ళు చల్లబడిపోతున్నాయి, కుంచె బరువెక్కుతోంది. చివరిగా కన్ను. మసితో రెప్ప గీసింది, పాప దిద్దింది. సన్నని ఉలి అందుకుని పాప నడిమధ్యన టక్కుమని ఒక్క దెబ్బ!

"గోరంతే! గోరంతే ఉందే మంజీ!"

మంజిష్ఠ బొమ్మను వెదురు బద్దతో పట్టి పడమటి గవాక్షానికి ఎదురుగా ఎత్తింది. చివరి కిరణం బొమ్మ కంట్లోంచి సూదిలా దూసుకొచ్చి బింబావతి ముఖం మీద పడింది.

కొలువుకూటం ఒక్కసారి తెల్లగా మెరిసింది. స్తంభాల్లో చేపలు కదలకుండా నిలిచిపోయాయి. పొద్దు గూకింది.

మంజిష్ఠ బతికే ఉంది!

తలవంచి అద్దపు నేలలోకి చూసింది. నేలలోంచి ఎవరో తనను చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి! ఆనందంతో అరవబోయిన నోరు అరవకుండానే ఆగిపోయింది.

అద్దంలో ఉన్నది సగం ముఖమే. ఒక చెంప, ఒక కన్ను, సగం ముక్కు, సగం నోరు. రెండో సగం రంగు పూయని తోలులా నున్నగా, ఖాళీగా ఉంది.

"అయ్యో తాతా!" అంది మంజిష్ఠ.

పక్కముఖం! లోకమంతా ఎదురుముఖంతో తిరుగుతుంటే కుంకుమవాడ చెయ్యి మాత్రం పక్కముఖం రాసింది. ఇంత ప్రాణాపాయంలోనూ, ఎదురుగా రాణి నిండుముఖంతో నిలబడి ఉన్నా, అలవాటుగా ఒకే చెంప రాసింది, ఒకే కన్ను తెరిచింది. తెరిచిన సగమే తనకు వచ్చింది. గుమ్మం దగ్గర కావలివాడు చెవినిల్లు కట్టుకుని చెప్పినా బుర్రకెక్కలేదు!

తలెత్తింది. బింబావతి ముఖంలోనూ సగం లేదు. ఉన్న ఒక్క కన్ను భయంతో విప్పారింది. ఆమె తడబడుతూ చేత్తో ఆ ఖాళీని తడుముకుంటోంది, ఇందాక మంజిష్ఠ ముక్కు తడుముకున్నట్టే.

"నా పని పాడుచేశావు కదే!" కాచదంతుడు మంత్రదండం ఎత్తి మంజిష్ఠ మీదికి దూకాడు.

"పొద్దు గూకిందిరోయ్!"

సోదమ్మ పెట్టుడు జుట్టు గాల్లోకి లేచింది. కోకలోంచి కోదండి బయటపడ్డాడు. ముసలిది మగాడైపోవడం చూసి కాపలా భటులిద్దరూ బల్లేలు వదిలేసి బయటికి పరుగెత్తారు. కోదండి విసిరిన సోదిబుట్ట నేరుగా వెళ్ళి కాచదంతుడి నోటికి తగిలింది. ముందు పన్ను ఫెళ్ళున పగిలింది. ఎన్నాళ్ళగానో అందులో చిక్కుకున్న ఎవరిదో కేక ఒకటి బయటికొచ్చి గవాక్షంలోంచి ఎగిరిపోయింది.

"బింబా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాచదంతుడు గర్జించాడు. "నీ రెండో సగం ఆ బొమ్మలో ఉంది! దాన్ని చంపి బొమ్మ లాక్కో!"

బింబావతి సింహాసనం పక్కనున్న కత్తి అందుకుంది. మంజిష్ఠ వైపు నడిచింది. మంజిష్ఠ బొమ్మను గుండెకు హత్తుకుని వెనక్కి వెనక్కి జరిగింది. గోడ వీపుకు తగిలింది. చావు భయం కంటే, తన ముఖమే తనను చంపడానికి వస్తున్నదన్న దిగ్భ్రమ ఎక్కువై ఆమె కంట్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

బింబావతి ఆగిపోయింది.

ఆమె ఒంటికంటి నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఏడవడం లేదు, కన్నీళ్ళు వాటంతటవే వస్తున్నాయి. ఒక చుక్క చెంప మీదుగా జారి ఉన్న సగం పెదవి మీద నిలిచింది. ఆమె నాలుక చివర దాన్ని అందుకుంది. కత్తి ఖంగుమని నేల మీద పడింది.

"ఇదేంటి?" అంది గుసగుసగా. "నోట్లో ఏదో... ఏదో ఉంది!"

మంజిష్ఠ తన పెదవి తడిపిన కన్నీటిని తానూ చప్పరించింది. "ఉప్పు," అంది. "దాన్ని ఉప్పగా ఉండటం అంటారు."

"ఉప్పగా ఉంది!" బింబావతి నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అరిచింది. "ఉప్పగా ఉంది అక్కా! నాకు తెలుస్తోంది!"

"చంపమన్నానా!"

"చంపను," అంది బింబావతి. మంత్రి ఆజ్ఞను కాదనడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి. అని తానే అదిరిపడింది.

కాచదంతుడి ముఖం నల్లబడింది. "అయితే ఇద్దరూ అద్దం అడుక్కే పొండి!" అని మంత్రదండంతో నేలను ఒక్క పోటు పొడిచాడు. అతుకు లేని అద్దం సాలెగూడులా బీటలు వారింది. కోదండి "మంజీ!" అంటూ దూకి ఆమె కొంగు అందుకోబోయాడు. కొంగు చివర చిరిగి అతని చేతిలో మిగిలింది.

నేల విరిగింది. కింద మట్టి లేదు, రాయి లేదు. కింద కూడా ఆకాశమే, చుక్కలతో, అంతులేని లోతుతో!

పడిపోతూ మంజిష్ఠ ఒక చేత్తో బొమ్మను, రెండో చేత్తో బింబావతి చేతిని పట్టుకుంది. గాలి చెవుల్లో హోరుమంది. చుట్టూ అద్దపు ముక్కలు తిరుగుతున్నాయి. ఒక ముక్కలో తన చెంప, బింబావతి చెంప దగ్గరగా వచ్చి, ఒక్క క్షణం నిండుముఖమై మెరిసి మాయమైంది.

"చెయ్యి వదలకు!" అని ఒక గొంతు అరిచింది.

అరిచింది బింబావతో, తానో మంజిష్ఠకు తెలియలేదు. ఇప్పుడు పట్టు జారితే పోయేది ఎవరో కూడా తెలియలేదు. అందుకే ఇంకా గట్టిగా పట్టుకుంది.